డైలాగు తెలియడం లేదని ఆంప్లిఫయర్ మార్చాలా?

మీరు అడిగింది ఇదీ: ఏడేళ్ల నాటి 5.1 ఏవీ రిసీవర్ (ఐదు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫర్‌కూ సౌండ్ పంచే పెట్టె, ఆంప్లిఫయర్ దాని లోపలే ఉంటుంది), ఛానెల్‌కు, అంటే ఒక్కో స్పీకర్‌కు, 80 వాట్లు. ముందు రెండు టవర్ స్పీకర్లు, టీవీ కింద అరలో మాటలు పలికే సెంటర్ స్పీకర్, మూలన బాస్ మోగించే సబ్‌వూఫర్. సినిమా పెడితే మాటలు గొణిగినట్టు ఉంటున్నాయి. వాల్యూమ్ పెంచితే ఫైటు మొదలవగానే ఇల్లు అదిరిపోతోంది, మళ్లీ తగ్గించాలి. రిమోట్ కింద పెట్టే వీల్లేదు. తెలిసినవాళ్లొకరు "వాట్లు చాలడం లేదు, 150 వాట్ల పవర్ ఆంప్ తగిలించండి, మాట ముత్యంలా వస్తుంది" అన్నారు. రిసీవర్‌కు బయట ఆ విడి ఆంప్లిఫయర్ తగిలించాలా, వద్దా?

ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన లక్షణాల్లో ఆంప్‌ని దోషిగా నిలబెట్టేది ఒక్కటీ లేదు. ఆంప్‌లో దమ్ము చాలకపోతే కనిపించే తీరు వేరు: తక్కువ సౌండ్‌లో అంతా శుభ్రంగానే ఉంటుంది, బాగా పెంచినప్పుడు మాత్రం గొంతులు గరుకెక్కి చెవిలో గీసినట్టు వినిపిస్తాయి. లేదంటే రిసీవర్ వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. మీకు తక్కువ సౌండ్‌లోనే మాట అందడం లేదు. కాబట్టి వెతకాల్సిన చోటు వేరే.

అయినా వాట్ల సంగతి ముందే తేల్చేద్దాం, డబ్బు పోయేది అక్కడే కనుక. మీ సెంటర్ స్పీకర్ సెన్సిటివిటీ 87 డెసిబెల్స్ అనుకుందాం, ఇది మామూలుగా కనిపించే అంకె. అంటే ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ సౌండ్ వస్తుంది. సోఫా మూడు మీటర్ల అవతల ఉంటే, గోడల నుంచి తిరిగొచ్చేదాన్ని కూడా కలుపుకొని, మీ చెవి దగ్గరికి సుమారు 80 చేరుతుంది. ఇంట్లో తీరిగ్గా సినిమా చూసేటప్పుడు మాటలు 65 చుట్టుపక్కల ఉంటాయి. లెక్క వేసి చూడండి, ఆ మాటల కోసం మీ రిసీవర్ పెడుతున్న ఖర్చు ఒక వాట్‌లో ముప్పయ్యో వంతు. 80 వాట్లు ఉన్నవాడు ముప్పయ్యో వంతు వాట్ దగ్గర తడబడడు.

మరి 80 నుంచి 150కి వెళ్తే దక్కేదేమిటి? గరిష్ఠ స్థాయిలో 2.7 డెసిబెల్స్. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి "రెట్టింపు గట్టిగా ఉంది" అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల వాట్లు. పైగా అసలు చిక్కు ఇంకోటి ఉంది. పెద్ద ఆంప్ వచ్చినా అది మాటనూ పేలుడునూ ఒకే కొలతలో పెంచుతుంది. మీ బాధ ఆ రెండింటి మధ్య ఉన్న దూరం. ఆ దూరాన్ని ఏ వాట్లూ తగ్గించలేవు.

ఆ దూరం ఎక్కణ్నుంచి వస్తోందో చూడండి. థియేటర్ మిక్సింగ్‌లో రిఫరెన్స్ లెవెల్ అని ఒకటి ఉంటుంది: తెర వెనక ఒక్కో ఛానెల్ టెస్ట్ సిగ్నల్‌కు 85 డెసిబెల్స్ చూపేలా సర్దుతారు, శిఖరాలు 105 దాకా వెళ్లొచ్చు, బాస్ ఛానెల్ అయితే 115 దాకా. స్ట్రీమింగ్‌లో నెట్‌ఫ్లిక్స్ తనకు కార్యక్రమాలు ఇచ్చేవారికి పెట్టిన నియమం ప్రకారం మాటల సగటు స్థాయి మైనస్ 27 ఎల్‌కేఎఫ్‌ఎస్ (డిజిటల్ సౌండ్ గట్టితనాన్ని డెసిబెల్స్ లెక్కన చెప్పే కొలత) దగ్గర ఉండాలి, అటూ ఇటూ 2 యూనిట్ల వెసులుబాటు. శిఖరం మాత్రం మైనస్ 2 దాకా పోవచ్చు. అంటే మామూలు మాటకూ పెద్ద పేలుడుకూ మధ్య పాతిక డెసిబెల్స్ ఖాళీ నిబంధనల్లోనే ఉంది. థియేటర్లో మనం ఆ పేలుడు కోసమే టిక్కెట్టు కొంటాం. ఇంట్లో, పక్క గదిలో ఎవరో నిద్రపోతుంటే, వాల్యూమ్ తగ్గించి కూర్చుంటాం. పేలుడు ఇంటికి సరిపోయేంత తగ్గేసరికి మాట ఫ్యాను చప్పుడు కిందికి జారిపోతుంది.

ఇప్పుడు పరీక్షలు. ఖర్చేమీ లేదు, ఒక సాయంత్రం చాలు.

మొదట, మీకు మాట తెలియని సీను ఒకటి ఎంచుకుని అదే సీన్‌ను మంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి. అక్కడా తెలియకపోతే అది మిక్సింగ్ తీరు, లేదా నటుడు పెదవి కదపకుండా మాట్లాడే తీరు. ఏ ఆంపూ దాన్ని బాగు చేయదు, సబ్‌టైటిల్స్ పెట్టుకుని హాయిగా చూడండి, అందులో నామోషీ ఏమీ లేదు. హెడ్‌ఫోన్స్‌లో తేటగా ఉండి హాల్లో తెలియకపోతేనే మన పని మొదలవుతుంది.

రెండోది నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష. రిసీవర్ సెటప్‌లో స్పీకర్ల పేజీకి వెళ్లి సెంటర్‌ను 'నన్' (అంటే 'లేదు') అని పెట్టండి. అప్పుడు సెంటర్‌కు వెళ్లాల్సిన మాటలన్నీ ఎడమ, కుడి టవర్ల మధ్య సమానంగా పంచుకుపోతాయి. మీరు సరిగ్గా నడిమధ్యన కూర్చుంటే గొంతు టీవీ లోంచే వస్తున్నట్టు ఉంటుంది. అదే సీను మళ్లీ పెట్టండి. మాట ఒక్కసారిగా తేరుకుందా? అయితే మీ ఆంప్ నిర్దోషి. ఎందుకంటే ఆ టవర్లను నడిపిందీ అదే ఆంపు, అదే 80 వాట్లు. తప్పు సెంటర్ స్పీకర్‌లోనో, దాన్ని పెట్టిన చోటులోనో ఉంది. మీరు "టీవీ కింద అరలో" అన్నారు కాబట్టి నా అనుమానం ఇప్పటికే అక్కడ ఉంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి, రెండు స్పీకర్ల మధ్య పుట్టే ఈ ఊహా సెంటర్‌లో 2,000 హెర్ట్జ్ ప్రాంతంలో సహజంగానే కొంత లోటు పడుతుంది, ఎడమ స్పీకర్ సౌండ్ కుడి చెవికి కొంచెం ఆలస్యంగా చేరి దెబ్బతీస్తుంది కనుక. ఆ లోటుతో కూడా మీ అసలు సెంటర్ కన్నా బాగుందంటే, అసలు సెంటర్ పరిస్థితి ఎంత ఘోరంగా ఉందో అర్థమవుతుంది.

మూడోది: సెంటర్‌కు నిజంగా సెంటర్ సిగ్నల్ అందుతోందా? ఇది చాలా ఇళ్లలో చూస్తాను. స్ట్రీమింగ్ యాప్ టీవీలోనే నడుస్తుంటుంది, టీవీ నుంచి రిసీవర్‌కు ఏఆర్‌సీ కేబుల్ (టీవీ సౌండ్‌ను రిసీవర్‌కు వెనక్కి పంపే హెచ్‌డీఎంఐ దారి), టీవీ ఆడియో సెట్టింగ్ మాత్రం 'పీసీఎం' (కుదించని డిజిటల్ సౌండ్) దగ్గర ఉండిపోతుంది. మామూలు ఏఆర్‌సీలో పీసీఎం అంటే రెండు ఛానెళ్లే. 5.1 ట్రాక్ స్టీరియోగా నలిగిపోయి వస్తుంది, రిసీవర్ దాన్ని మళ్లీ ఊహించి సెంటర్‌కు పంచుతుంది, లేదా 'ఆల్ ఛానెల్ స్టీరియో' మోడ్‌లో ఉంటే ఒకే మాటను అన్ని మూలల నుంచీ అరిపిస్తుంది. సినిమా నడుస్తుండగా రిసీవర్ డిస్‌ప్లే మీద ఇన్‌పుట్ సిగ్నల్ ఏమని చూపిస్తోందో చూడండి. డాల్బీ డిజిటల్ ప్లస్ అనో, డాల్బీ డిజిటల్ అనో, 5.1 అనో రావాలి. 'పీసీఎం 2.0' అని ఉంటే టీవీలో డిజిటల్ ఔట్‌పుట్‌ను 'ఆటో' లేదా 'పాస్‌త్రూ'కు మార్చండి. యాప్‌లో కూడా ఆడియో ట్రాక్ 5.1 ఎంచుకున్నారో లేదో చూడండి. కొన్ని సినిమాల్లో తెలుగు ట్రాక్ స్టీరియోలోనే ఉండి వేరే భాషది 5.1 ఉంటుంది, ఆ సంగతి ఎవరూ గమనించరు.

నాలుగోది సబ్‌వూఫర్ ఆపి వినడం. తక్కువ పౌనఃపున్యాల సౌండ్ గట్టిగా ఉంటే అది పైనున్నవాటిని కప్పేస్తుంది, చెవి నిర్మాణమే అంత. సబ్ ఆపగానే మాట పైకి తేలితే, మూలన పెట్టిన సబ్ గదిని నింపేస్తోందన్నమాట. లెవెల్ మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించి, మూల నుంచి కాస్త జరిపి చూడండి.

ఇక అర దగ్గరికి వద్దాం, మీ కేసులో అసలు కథ ఇక్కడే ఉందని నా నమ్మకం.

మాట తెలియడమంటే హల్లులు తెలియడం. కల, తల, వల అని ఎవరైనా గబగబా అంటే, వెనక భాగమంతా ఒకటే, తేడా చూపేది మొదట్లో మెరిసి మాయమయ్యే ఆ చిన్న ధ్వని. దాని బలం అచ్చుతో పోలిస్తే చాలా తక్కువ, ఉండేదీ లిప్తపాటు. ఈ ఆనవాళ్లు ఎక్కువగా 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. స, శ, ష లాంటివి ఇంకా పైకి పోతాయి. గొంతులోని గాంభీర్యం, ఛాతీ లోంచి వచ్చే ఆ బరువు మాత్రం 100 నుంచి 300 హెర్ట్జ్ మధ్యే తిరుగుతుంది. ఇప్పుడు సెంటర్ స్పీకర్‌ను చుట్టూ చెక్క ఉన్న అరలోకి ఒక జానెడు లోపలికి తోశారనుకోండి. అర అడుగు, పైకప్పు, పక్కలు కలిసి ఆ కింది భాగాన్ని ఉబ్బిస్తాయి. పై భాగమేమో అర అంచులకు తగిలి చెదిరి, నేరుగా వచ్చేదానితో కలిసి అక్కడక్కడా రద్దయిపోతుంది. ఫలితం మీరు చెప్పినదే: సౌండ్ ఉంది, మాట లేదు.

చేయాల్సింది చిన్న పని. స్పీకర్ ముందు ముఖం అర అంచుకు సమానంగా, వీలైతే ఒక వేలెడు బయటికి వచ్చేలా లాగండి. కింద ముందువైపు రబ్బరు ముక్కలు పెట్టి, ట్వీటర్ (పై పౌనఃపున్యాలు పలికే చిన్న గుండ్రటి భాగం) మీ మోకాళ్ల వైపు కాకుండా చెవుల వైపు చూసేలా కొద్దిగా పైకి వంచండి. సరిగ్గా వంగిందో లేదో తెలుసుకోవడానికి ట్వీటర్ పక్కన ఒక చిన్న అద్దం ఆనించి సోఫాలో కూర్చోండి, అద్దంలో మీ ముఖం కనబడాలి. వెనక మిగిలిన ఖాళీలో పాత దుప్పటి మడిచి పెట్టండి, అయితే వెనక పోర్ట్ (గాలి రంధ్రం) ఉన్న స్పీకర్ అయితే దాని నోరు మూయకండి. అరకు అద్దం తలుపుంటే సినిమా చూసేటప్పుడు తెరిచి ఉంచండి. ఈ మాత్రం చేసి "ఇదేదో కొత్త స్పీకర్‌లా ఉందే" అన్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

పక్క సీట్లలో కూర్చునేవాళ్లకే ఎక్కువ ఇబ్బంది అయితే కారణం స్పీకర్ డిజైన్. అడ్డంగా పడుకోబెట్టిన సెంటర్లలో చాలావాటికి ట్వీటర్ మధ్యలో, రెండు వూఫర్లు (కింది, మధ్య సౌండ్ పలికేవి) చెరో పక్కన ఉంటాయి. నడిమధ్యన కూర్చున్నవాడికి రెండు వూఫర్లూ సమాన దూరం. పక్కకు జరిగేకొద్దీ ఒకటి దగ్గర, ఒకటి దూరమై వాటి ధ్వనులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అదీ మాటకు ముఖ్యమైన మధ్య భాగంలోనే. ఎవరైనా ఒక్కరే మాట్లాడే వార్తల కార్యక్రమం పెట్టి సోఫా ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా జరగండి. గొంతు రంగు మారుతుంటే అదే జబ్బు. దీనికి మందు త్రీ-వే సెంటర్, అంటే ట్వీటర్ కింద మధ్య సౌండ్ పలికే చిన్న మిడ్‌రేంజ్‌ను నిలువుగా పెట్టి, వూఫర్లను చెరో పక్కకు తప్పించినది. నన్నడిగితే పవర్ ఆంప్‌కు పెడదామనుకున్న డబ్బు దీని మీద పెట్టడం వంద రెట్లు నయం. మీ టవర్ల సిరీస్‌లోదే దొరికితే గొంతు ఎడమ నుంచి కుడికి దాటేటప్పుడు రంగు మారదు.

గది గురించి ఎక్కువ చెప్పను. చప్పట్లు కొట్టి చూడండి, టంగ్‌మని మోగితే ఆ మోత ప్రతి హల్లు మీదా పడుతోందని అర్థం. నేల మీద సోఫాకూ టీవీకీ మధ్య మందపాటి తివాచీ, గాజు కిటికీకి బరువైన తెర, తల వెనక గోడకు పుస్తకాల అర. అద్దం టీపాయ్ ఉంటే సినిమా వేళకు పక్కకు జరపండి.

సెట్టింగుల్లో మూడు నాలుగు చాలు. సెంటర్‌ను 'స్మాల్' అని పెట్టి క్రాసోవర్ (దేనికంటే కిందిది సబ్‌కు పోవాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ ఇవ్వండి, చిన్న స్పీకర్ అయితే 100. ఇందులో అవమానమేమీ లేదు, బరువైన బాస్‌ను సబ్‌కు అప్పజెప్పితే చిన్న వూఫర్ మాట మీదే పని చేస్తుంది. ఆటో క్యాలిబ్రేషన్ మైకును (రిసీవర్ గదిని కొలుచుకునే మైకు) సోఫా చేతి మీదో దిండు మీదో పెట్టకుండా, చెవి ఎత్తులో ట్రైపాడ్ మీద పెట్టి మళ్లీ చేయండి. అది అయ్యాక సెంటర్ లెవెల్‌ను 2 లేదా 3 డెసిబెల్స్ పెంచండి. మాటకూ మిగతా సౌండ్‌కూ మధ్య దూరాన్ని మార్చే అసలు మీట ఇదే, ఇంతకుముందు చెప్పిన 150 వాట్ల ఆంప్ చేయలేనిది ఇది చేస్తుంది. నాలుగు దాటితే గొంతు తెర లోంచి ఊడిపడి ముందుకొచ్చి నిలబడినట్టు ఉంటుంది, అక్కడితో ఆపండి.

రాత్రిళ్లు డైనమిక్ రేంజ్ కంప్రెషన్ పెట్టుకోండి. రిసీవర్‌ను బట్టి దాన్ని నైట్ మోడ్ అనో, డీఆర్‌సీ అనో, ఆడిసీ (గదికి తగ్గట్టు సౌండ్‌ను సర్దే సాఫ్ట్‌వేర్) ఉన్నవాటిలో డైనమిక్ వాల్యూమ్ అనో అంటారు. పేలుడును కిందికి, గుసగుసను పైకి తెస్తుంది. ప్యూరిస్టులు ముఖం చిట్లిస్తారు, చిట్లించనీయండి, రిమోట్ మోసేది వాళ్లు కాదు. యమహాలో 'డైలాగ్ లెవెల్', డెనాన్ కొత్త మోడళ్లలో 'డైలాగ్ ఎన్‌హాన్సర్' లాంటివి కూడా పనికొస్తాయి. ఆడిసీ డైనమిక్ ఈక్యూ ఆన్‌లో ఉంటే మాత్రం ఓ కన్నేసి ఉంచండి. వాల్యూమ్ తగ్గించేకొద్దీ అది బాస్‌నూ వెనక స్పీకర్లనూ పెంచుతూ పోతుంది, సెంటర్ ఒంటరిదైపోతుంది. అది పెంచే మోతాదు తగ్గేలా రిఫరెన్స్ లెవెల్ ఆఫ్‌సెట్‌ను 10కో 15కో పెట్టండి, లేదా ఆపేయండి.

ఆంప్ నిజంగా కావాల్సినవాళ్లు లేకపోలేదు. స్పీకర్ సెన్సిటివిటీ 84 ఉండి, ఇంపెడెన్స్ (కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డు) 4 ఓమ్స్ ఉండి, సోఫా నాలుగైదు మీటర్ల అవతల ఉండి, థియేటర్ స్థాయిలోనే వినాలనుకునేవాళ్లకు లెక్క పూర్తిగా తిరగబడుతుంది. మీ స్పీకర్‌నే తీసుకోండి: ఒక వాట్‌కు సోఫా దగ్గర 80 అయితే, 105 శిఖరానికి ఇంకో పాతిక డెసిబెల్స్ కావాలి, అంటే 300 వాట్ల పైమాట. అక్కడ 80 వాట్ల రిసీవర్ చేతులెత్తేస్తుంది. కానీ మీరు పేలుడు రాగానే రిమోట్ కోసం వెతుకుతున్నారు, ఆ స్థాయి ఛాయలకు కూడా పోవడం లేదు.

అట్ట మీద వాట్లు చదివేటప్పుడు చిన్న అక్షరాలు కూడా చదవండి. '150 వాట్లు, 6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, ఒక ఛానెల్' అని ఉన్న రిసీవర్, '80 వాట్లు, 8 ఓమ్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 0.08 శాతం, రెండు ఛానెళ్లు' అని ఉన్న మీదానికంటే గట్టిదేమీ కాకపోవచ్చు: తక్కువ ఓమ్స్, ఎక్కువ డిస్టార్షన్ (సౌండ్ చెడటం), ఒకే ఛానెల్ లెక్కన కొలిస్తే అంకె పెద్దదిగా వస్తుంది. ఇంకో సంగతి, పవర్ ఆంప్ కలపాలంటే రిసీవర్ వెనక ప్రీ-ఔట్ సాకెట్లు (బయటి ఆంప్‌కు సిగ్నల్ ఇచ్చేవి) ఉండాలి. చాలా మోడళ్లలో సబ్‌వూఫర్‌కు తప్ప మిగతావాటికి ఉండవు. డబ్బు చెల్లించే ముందు ఒకసారి వెనక్కి వంగి చూడండి, చర్చ అక్కడితోనే ముగిసిపోవచ్చు. ఉన్నవాళ్లు కలిపితే ఎడమ, కుడి టవర్ల బరువును బయటి ఆంప్‌కు ఇచ్చి, సెంటర్‌ను రిసీవర్‌కే వదలడం నా పద్ధతి. కలిపాక లెవెల్స్ మళ్లీ సర్దుకోవాలి, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) వేరుగా ఉంటుంది కనుక.

రిసీవర్ మార్చడానికి వాట్లు కాక వేరే మంచి కారణాలుంటాయి: ఈఏఆర్‌సీ (ఏఆర్‌సీకి మెరుగైన కొత్త రూపం) లేకపోవడం, డైలాగ్ లెవెల్ సెట్టింగే లేకపోవడం, రూమ్ కరెక్షన్ పాతబడటం. డిరాక్ లైవ్ లాంటి రూమ్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్లు కింది పౌనఃపున్యాల్లో, సుమారు 300 హెర్ట్జ్ లోపల, గది ఉబ్బును బాగా దించుతాయి. మీ ఇంట్లో గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటే ఆ మేరకు సాయపడతాయి కూడా. గది మోతను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తుడవలేదు.

ఇంట్లో ఒక్కరికే మాట తెలియక మిగతావాళ్లకు తెలుస్తుంటే, ఇవన్నీ పక్కన పెట్టి వారిని ఆడియోమెట్రీ (వినికిడి) పరీక్షకు తీసుకెళ్లండి. వయసుతో ముందు తగ్గేది పై పౌనఃపున్యాల వినికిడి, అంటే హల్లులుండే చోటు. "వినబడుతోంది గానీ అర్థం కావడం లేదు" అనే మాట ఆ పరీక్ష గదుల్లో రోజూ వినిపించేదే.

ఇంత చేశాక కూడా పవర్ ఆంప్ మీదే మనసుంటే, వాపసు తీసుకుంటామని రాయించుకునే తెచ్చుకోండి. పాతదానితో ఒక సీను, కొత్తదానితో అదే సీను, ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి రెండుసార్లూ టెస్ట్ టోన్ ఒకే అంకె చూపేలా వాల్యూమ్ సర్ది వినండి. కొంచెం గట్టిగా ఉన్నదే మెరుగ్గా అనిపించడం చెవికి అలవాటు, అందుకే ఈ సర్దుబాటు. ఏది మోగుతోందో మీకు తెలియకుండా ఇంట్లోవాళ్లను మార్చమనండి. తేడా పట్టలేకపోతే అట్టపెట్టె పారేయకముందే తిరిగి ఇచ్చేయండి.